దారిలో ఆటపెట్టె

గత వేసవిలో మేము కుటుంబముతో హైదరాబాదునుండి విశాఖపట్టణమునకు కారులో బయలుదేరితిమి. ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి. వెనుక సీటులో ఇద్దరు పిల్లలు, వారి నడుమ మా నాన్నగారు. పిల్లల చేతిలో ఒక పెట్టె. నెలరోజులపాటు రాత్రివేళల కూర్చుండి మేము స్వయముగా తయారుచేసిన ఆటయంత్రమది. మూగబోయిన ఒక పాత ట్రాన్సిస్టరు రేడియో గుల్లలో చిన్న తెరను, బొత్తాములను, రెండు వ్రేళ్ళ వెడల్పుగల కంప్యూటరు పలకను, ఒక బ్యాటరీని అమర్చితిమి. ముప్పది, నలువది యేండ్ల క్రిందటి వీడియో ఆటలు అందులో ఆడవచ్చును. నగరము దాటువరకు పిల్లలు తల యెత్తలేదు. చౌటుప్పలు దాటినది, చిట్యాల దాటినది. నార్కట్‌పల్లి సమీపించుసరికి తెర మూలను పసుపుపచ్చని మెరుపు గుర్తొకటి కనబడెను. మరి రెండు నిమిషములకు తెర నల్లబడెను. ఆ తరువాత వెనుక సీటులో జరిగిన గోలను వర్ణింప బనిలేదు. పిల్లలు గలవారందరు ఊహింపగలరు.

మా పెట్టెలోని కంప్యూటరు సెకనుకు నూరు కోట్ల తాళములతో పనిచేయును. 1989లో జపానున వెలువడిన గేమ్‌బాయ్ అను ఆటపెట్టెలోని చిప్పు సెకనుకు నలువదిరెండు లక్షల తాళములైన వేయలేదు. అయినను ఆ గేమ్‌బాయ్ నాలుగు పెన్సిలు సెల్లులతో పదునైదు గంటలు ఆడెడిది. మాది రెండు గంటలకే చల్లబడెను. అంత బలము గల యంత్రము అంత బలహీనమైన దాని ముందర ఎందుకు ఓడిపోవలెను? ఈ ప్రశ్న వెంటబడి పోగా, ప్రయాణపు ఆటయంత్రముల చరిత్ర యంతయు బ్యాటరీ చుట్టునే తిరిగినదని మాకు తెలియవచ్చెను. ఆ చరిత్రనే నేడు శ్రోతలకు విన్నవించుచున్నాము.

ఆటను వెంటగొనిపోవు అలవాటు మనకు పాతదే. మడచుటకు వీలుగా నడుమ కీలుపెట్టిన వామనగుంటల పీటలు కలవు. గుప్పెడు చింతగింజలు మూటగట్టికొనిన చాలును. పచ్చీసు గుడ్డను చుట్టి సంచిలో వేసికొందురు. పులిజూదమునకు ఆమాత్రమును అక్కరలేదు. సత్రపు అరుగుమీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసికొనిన ఆట సిద్ధము. వెలుతురున్నంతసేపు ఇవి సాగును. వీడియో ఆట సంగతి వేరు. అది పుట్టుటయే గోడకు కట్టుబడి పుట్టినది.

దానికి ఆద్యుడు రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు. 1922లో జర్మనీలో పుట్టి, అచటి యూదుల కష్టములవలన 1938లో కుటుంబముతో అమెరికా చేరిన వాడు. సాండర్స్ అసోసియేట్స్ అను రక్షణ పరికరముల సంస్థలో పనిచేయుచుండెను. 1966 ఆగస్టు చివర న్యూయార్కు బస్సు స్టేషను వెలుపల ఒక సహోద్యోగి కొరకు ఎదురుచూచుచు, ఊరకున్న టెలివిజనుమీద ఆటలెందుకు ఆడరాదని తలపోసెను. మరునాడు నాలుగు పుటల కాగితము వ్రాసెను. ప్రయాణములో తోచిన తలంపేయైనను, దానివలన పుట్టిన యంత్రము మాత్రము ప్రయాణము చేయలేకపోయెను. బేరును, అతని సహచరులును 1968 నాటికి సిద్ధపరచిన నమూనాకు 'బ్రౌన్ బాక్స్' అని పేరు. రేకు పెట్టెకు కఱ్ఱనారలవలె కనబడు ప్లాస్టికు కాగితము అంటించిరి. నేడు అది వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో ఉన్నది. దాని చిత్రము చూచినప్పుడు మాకు కొంత ధైర్యము కలిగినదని ఒప్పుకొందుము. ప్రపంచమునకు వీడియో ఆటను ఇచ్చిన పెట్టెయే ఇంటిలో తయారైన దానివలె ఉండగా, మా పెట్టె వంకరలకు సిగ్గుపడనేల?

బేరు నమూనానుండి 1972లో మాగ్నవాక్స్ సంస్థవారి ఒడిస్సీ యంత్రము వెలువడెను. దానిని ఆరు బ్యాటరీలతో నడుపవచ్చును. కాని ఎదుట టెలివిజను లేనిదే అది వట్టి డబ్బా. 1977లో వచ్చిన అటారి యంత్రమును అంతే. ఆటను చిన్న పెట్టెలో ఉంచి మార్చుకొను పద్ధతి ఆనాటికి వచ్చినది. దానిని ఆంగ్లమున కార్ట్రిడ్జి అందురు. మన పిల్లలు క్యాసెట్టు అనిరి. మేమును ఆ మాటనే వాడుదుము.

తెరను తనలోనే మోసికొని పోగల ఎలక్ట్రానిక్ ఆట 1976లో మాటెల్ బొమ్మల సంస్థ వలన వచ్చినది. ఆటో రేస్ అని దాని పేరు. చిత్రమేమనగా అది కారు పందెము. కారు అనిన నిజముగా ఒక ఎఱ్ఱని దీపపు గీత మాత్రమే. దాని కెదురుగా దిగివచ్చు మరికొన్ని ఎఱ్ఱ గీతలను తప్పించుకొనవలెను. కాలిక్యులేటరు కొరకు చేసిన చిప్పునే దానిలో ఆటకు త్రిప్పుకొనిరి. 1979లో జే స్మిత్ రూపొందించిన మైక్రోవిజను వచ్చెను. దానికి క్యాసెట్టులు మార్చుకొను వీలుండెను. తెర మాత్రము అడ్డముగా పదునారు, నిలువుగా పదునారు చుక్కలు. ఆనాటి ద్రవస్ఫటికపు తెరలు కాలక్రమమున నల్లబడి చెడినవి. ఇప్పుడు మిగిలిన మైక్రోవిజనులలో ఆడదగినవి అరుదు.

ఇక మన కథలోని ముఖ్యపురుషుడు గుంపేయ్ యొకోయ్. 1941లో క్యోటో నగరమున జన్మించెను. దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్సు చదివి, 1965లో నింటెండో అను పేకముక్కల సంస్థలో చేరెను. పేకముక్కలు అచ్చువేయు యంత్రములను బాగుచేయుట అతని ఉద్యోగము. పని తక్కువగా ఉన్నవేళ, పొడుగుగా సాగి దూరపు వస్తువులను పట్టుకొను చేతిబొమ్మ నొకదానిని తనకొరకు చేసికొనెను. సంస్థాధిపతియైన హిరోషి యమౌచి దానిని చూచెను. ఉద్యోగము పోవునని యొకోయ్ భయపడగా, దానిని అమ్మకమునకు తయారుచేయుమని ఆయన ఆజ్ఞ యయ్యెను. అల్ట్రా హ్యాండ్ అను పేర 1966లో వచ్చిన ఆ బొమ్మ పదిలక్షలకు పైగా అమ్ముడుపోయెను. ఇంటిపనిగా చేసికొనిన వస్తువు యొకోయ్ జీవితమును మార్చినది.

1970 తరువాతి దశాబ్దమున జపానులో కాలిక్యులేటరు కంపెనీలు ఒకదానితో నొకటి తీవ్రముగా పోటీపడెను. ఆ పోటీలో కాలిక్యులేటరు చిప్పులును, ద్రవస్ఫటికపు తెరలును మిక్కిలి చౌకయైనవి. ఒకనాడు యొకోయ్ షింకాన్‌సెన్ రైలులో పోవుచు, ఎదుట కూర్చున్న ఉద్యోగి తోచక కాలిక్యులేటరు మీటలు నొక్కుచు ప్రొద్దుపుచ్చుట చూచెను. చేతిలో దాచుకొని ఆడదగిన ఆట ఒకటి ఉన్న బాగుండునని అతనికి తోచెను. ఈ తలంపును అధిపతికి చెప్పిన సందర్భమును యొకోయే తరువాత వివరించినాడు. యమౌచి డ్రైవరు సెలవులో ఉండగా, ఎడమవైపు స్టీరింగు గల ఆ విదేశీ కారును నడుపుటకు అతనిని పిలిచిరట. దారిలో మాటవరుసకు ఈ సంగతి చెప్పినాడు. యమౌచి అప్పుడేమియు అనకపోయినను, ఆనాటి సమావేశములో షార్ప్ సంస్థాధ్యక్షునితో దానిని ప్రస్తావించెనట. అనగా చేతి ఆటపెట్టె తలంపు రైలులో పుట్టి కారులో నోట వెలువడినది. 1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ అను పేర అది బజారుకు వచ్చెను. బొత్తామంత సెల్లులతో నడచుచు, ఆడనివేళ గడియారముగా పనికివచ్చెడిది. నాలుగు దిక్కులకు ఒక్కటే మీటయైన కూడికగుర్తు బొత్తాము 1982లో ఆ వరుసలోనే మొదట వచ్చినది. నేటికిని ఆటయంత్రము చేయువారు ఆ గుర్తును విడువలేదు. మా రేడియో గుల్లకును మేము దానినే తగిలించితిమి.

యొకోయ్ తన పద్ధతికి ఒక పేరు పెట్టుకొనెను. జపాను భాషలోని ఆ మాటల కర్థము, 'ఎండిన సాంకేతికమును ప్రక్కదారి పట్టించి ఆలోచించుట' అని చెప్పవచ్చును. ఎండిన దనగా పాడైనది కాదు. మనము పాతబియ్యమును ఎట్లు మెచ్చుకొందుమో అట్టిది: తేమ పోయి, గుణము తెలిసి, చౌకగా, నమ్మకముగా వండదగినది. కొంగ్రొత్త పరికరము వెంట పరుగెత్తక, అందరికి బాగుగా తెలిసిన పరికరమును ఎవరును వాడని చోట వాడుట అతని మార్గము.

1989 ఏప్రిల్ 21న జపానులో విడుదలయైన గేమ్‌బాయ్‌లో ఈ మార్గము పరిపూర్ణముగా కనబడును. తెర అడ్డము 160, నిలువు 144 చుక్కలు. రంగులు లేవు; పచ్చదనముగల బూడిదరంగు ఛాయలు నాలుగు మాత్రమే. వెనుక దీపము లేదు. ఇవన్నియు లోపములుగానే ఆనాడు కనబడినవి. అదే సంవత్సరము అటారివారి లింక్స్ రంగుల తెరతో, వెనుక దీపముతో వచ్చెను. మరుసటి సంవత్సరము సెగావారి గేమ్ గియర్ వచ్చెను. అదియు రంగులదే, దీపము గలదే. రెండును చూచుటకు గేమ్‌బాయ్ కంటె ఎన్నియో మెట్లు మేలు. కాని రెంటికిని ఆరేసి సెల్లులు కావలెను. అవి నాలుగైదు గంటలైన నిలుచుట కష్టము. గేమ్‌బాయ్ ముప్పాతిక వాట్టునకు లోపుగనే సరిపెట్టుకొని, నాలుగు సెల్లులతో పదునైదు గంటలు నడచెడిది. ఊరికి పోవు కుటుంబములో తండ్రి సెల్లులు కొనవలసినవాడు. ఏ యంత్రము గెలిచినదో చెప్పనక్కరలేదు. గేమ్‌బాయ్‌యు, దాని రంగుల తమ్ముడును కలిసి పదునొకండు కోట్ల ఎనుబదియారు లక్షలు అమ్ముడుపోయినవి. గేమ్ గియర్ ఇంచుమించు ఒక కోటి. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో వ్రాసిన టెట్రిస్ ఆటను అమెరికాలో గేమ్‌బాయ్‌తో కలిపి యిచ్చుటయు దీనికి తోడ్పడినది. నాలుగు ఛాయలలోనే దాని సొగసంతయు చూపగల ఆట అది.

దీపము లేని తెరకు కారులో ఒక చిక్కు ఉండెను. పగలు ఎండపొడలో బాగుగనే కనబడును. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఏమియు కనబడదు. ఆనాటి అమెరికా పిల్లలు రాత్రి ప్రయాణములలో దారిప్రక్క దీపముల క్రిందుగా కారు పోయినప్పుడెల్ల ఒక క్షణము తెర చూచి, మరల చీకటిలో వేచి, ఇట్లు వంతులవారీగా ఆడుకొనెడివారు. తెరమీద వంగు చిన్న దీపములను వేరే అమ్మిరి. కారు సిగరెట్టు లైటరు రంధ్రమున తగిలించు తీగలను అమ్మిరి. నింటెండోవారు దీపమును, మరల మరల నింపుకొను లిథియం బ్యాటరీని ఒకే పెట్టెలో అమర్చినది 2003లో, గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్.పి. అను యంత్రమున. 1989నుండి పదునాలుగేండ్లు ఆగిరి. అప్పటికి ఆ బ్యాటరీయు పాతబియ్యమైనది. సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని బజారులో పెట్టినది 1991లో. దాని పునాదులు వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

యొకోయ్ దానిని చూడలేదు. 1995లో అతని వర్చువల్ బాయ్ యంత్రము విఫలమయ్యెను. 1996లో నింటెండోను విడిచి స్వంత సంస్థ స్థాపించెను. 1997 అక్టోబరు 4న ఒక ఎక్స్‌ప్రెస్ రహదారిపై, తానున్న కారు మరియొక వాహనమునకు తగిలినప్పుడు దిగి చూచుచుండగా, వేరొక కారు ఢీకొని మరణించెను. అతడు కడపట రూపకల్పన చేసిన వండర్‌స్వాన్ 1999లో వెలువడినది. దానికి కావలసినది ఒక్కటే పెన్సిలు సెల్లు. ముప్పది గంటలు ఆడెడిది.

మన దేశమున గేమ్‌బాయ్ చూచినవారు ఆనాడు తక్కువ. మన యిండ్లకు వచ్చినవి 1983 నాటి జపాను ఫ్యామికామ్ యంత్రమునకు అనుమతి లేని నకళ్ళు. టీవీ గేమ్ అనియే వానికి పేరు. ఒక క్యాసెట్టులో వందల ఆటలని పైన అచ్చువేసి, లోన పదో పండ్రెండో పెట్టి, వానినే పేర్లు మార్చి త్రిప్పెడివారు. దారికి పనికివచ్చినది బ్రిక్ గేమ్. తిరునాళ్ళలోను, ఎగ్జిబిషన్లలోను అమ్మిన ఆ ప్లాస్టికు పెట్టె రెండు పెన్సిలు సెల్లులతో నెలలు నడచెడిది. మా తరమువారిలో చాలమందికి టెట్రిస్ అను పేరు తెలియకుండగనే ఆ ఆట తెలిసినది.

ఇక ఇంటిలో చేసిన యంత్రముల సంగతి. కంపెనీలు ఇంటి ఆటయంత్రమును, చేతి ఆటయంత్రమును వేరువేరు సరకులుగా అమ్ముచుండగా, కొందరు ఇంటి యంత్రమునే కోసి చేతిలో పట్టునట్లు చేయబూనిరి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు బెన్ హెకెండార్న్ 2000లో అటారి యంత్రమును విప్పి, దాని పలకను చిన్న టెలివిజను తెరతో జతచేసి, తాను రూపొందించిన పెట్టెలో అమర్చెను. చేసిన విధానమును ఎల్లరకు వివరించెను. 2005లో పుస్తకముగనే ప్రకటించెను. అది చూచి దేశదేశముల యువకులు పాత యంత్రములను రంపముతో కోయ మొదలిడిరి. ప్లేస్టేషనుకు సోనీవారు అమ్మిన అయిదంగుళముల తెర వారి కందరికి ఇష్టమైన సరకు. వీరి పని చూడ ముచ్చటయే గాని, ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క పాత యంత్రము బలి యగుట మాకు కొంత బాధగా తోచును. కోతలో ఒక తీగ తెగిన, ఉన్న యంత్రమును పోవును.

కోయకుండ సాగు మార్గము మరియొకటి కలదు. ఒక యంత్రము వేరొక యంత్రముగా నటించుట. పగటివేషగాడు ఉదయము శక్తి వేషము, మధ్యాహ్నము దొరగారి వేషము వేయునట్లు, ఒకే కంప్యూటరు ఒకసారి అటారిగా, ఒకసారి గేమ్‌బాయ్‌గా ప్రవర్తించును. దీనిని ఎమ్యులేషన్ అందురు. ఐ.బి.యం. సంస్థ 1964లో క్రొత్త కంప్యూటరుల వరుసను ప్రకటించినప్పుడు, ఖాతాదారులు పాత యంత్రముల కొరకు వ్రాసికొనిన ప్రోగ్రాములు వ్యర్థము కాకుండుటకు ఈ ఉపాయమునే వాడెను. ఆటలకు దీనిని పెద్దయెత్తున తెచ్చినది 1997 ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా విడుదలచేసిన మేమ్ అను ప్రోగ్రాము. వేషగానికి పాత్రధారికంటె ఎక్కువ శ్రమ. గేమ్‌బాయ్ చిప్పు ఒక్క అడుగు వేయుటకు, దానివలె నటించు కంప్యూటరు ఎన్నియో అడుగులు వేయవలెను. మా పెట్టె ఆకలికి సగము కారణ మిదియే.

ఈ వేషమును చేతిలోనికి తెచ్చినది ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారు. కంప్యూటరు లోపలి పని నేర్చికొనుటకు పిల్లలకు చౌకయైన సాధనము లేకుండెనని ఎబెన్ అప్టన్, అతని మిత్రులు చింతించి, రాస్ప్‌బెరీ పై అను పలకను 2012 ఫిబ్రవరి 29న విడుదల చేసిరి. బ్యాంకు కార్డంత పరిమాణము, ముప్పదియైదు డాలర్ల ధర. ఆ సంవత్సరమే దానిని పాత ఆటల యంత్రముగా మార్చు రెట్రోపై అను ప్రోగ్రాముల సంపుటి మొదలైనది. 2015 నవంబరులో అయిదు డాలర్లకే 'జీరో' అను మరియొక చిన్న పలక వచ్చినప్పుడు, దానిని సంస్థ మాసపత్రిక అట్టకు అంటించి పాఠకులకు ఉచితముగా ఇచ్చిరి. పత్రికతోపాటు కంప్యూటరు చేతికి వచ్చుట అదియే మొదలు. ఇట్టి అదృష్టము మన పత్రికల పాఠకులకు ఎన్నడు కలుగునో! పాఠములకొరకు చేసిన పలకను మావంటివారు ఆటలకు త్రిప్పుకొనుట చూచి యొకోయ్ నవ్వుకొనియుండును. ఇదియును ప్రక్కదారి ఆలోచనయే గదా.

మా పెట్టెకు రేడియో గుల్లను ఎన్నుకొనుట వట్టి వేడుక కాదు. మొదట స్టీలు టిఫిను డబ్బా తీసికొంటిమి. లోపలి తీగ లోహమునకు తగిలి షార్టు అగుననెడి భయముచే మానుకొంటిమి. నాన్నగారి పాత ట్రాన్సిస్టరు అటుకమీద ఉండెను. దాని ప్లాస్టికు గట్టిది, స్పీకరు పనిచేయుచుండెను, చేతిపిడి ఉండెను. స్టేషను సూచించు ముల్లు తిరుగు కిటికీని కొంచెము కోయగా మూడున్నర అంగుళముల తెర సరిపోయెను. మరి, గోడకు కట్టుబడిన ధ్వనిని విడిపించి జేబులో పెట్టినది ట్రాన్సిస్టరు రేడియోయే. 1954 అక్టోబరులో అమెరికాలో ప్రకటించిన రీజెన్సీ రేడియోలో నాలుగు ట్రాన్సిస్టరులు మాత్రమే ఉండెను. అంతకుముందు వాల్వు రేడియోల ఆకలికి బ్యాటరీలు ఆగెడివి కావు. తక్కువ తినుటవలననే రేడియో బయటికి రాగలిగెను.

మేము చేసిన తప్పు ఇప్పుడు శ్రోతలకు అర్థమై యుండును. మా బ్యాటరీ ఒక్క లిథియం సెల్లు. దాని వోల్టేజి 3.7, నిలువ 2600 మిల్లీ ఆంపియరు గంటలు. గుణించిన తొమ్మిదిన్నర వాట్టు గంటలకు కొంచెము పైన. కంప్యూటరు పలకకు అయిదు వోల్టులు కావలెను గనుక, నడుమ వోల్టేజి పెంచు పలక యొకటి. అచట ఆరవ, ఏడవ వంతు వేడియై పోవును. చేతికి వచ్చునది ఎనిమిది. కంప్యూటరు, తెర, స్పీకరు కలిసి తినునది నాలుగు వాట్లు. మూడవతరగతి పిల్లవాడైనను భాగించి రెండని చెప్పును. మేము ఆ లెక్క వేయలేదు. తెర వెలుగు, బొత్తాముల మెత్తదనము, ఆటల సంఖ్య, వీనిమీదనే మా దృష్టి యుండెను. నార్కట్‌పల్లి వచ్చుటకు రెండుగంటలు పట్టినది. సెల్లు నీరసించుకొలది వోల్టేజి పడిపోవును. అది తగ్గినదని తెలుపుటయే ఆ మెరుపు గుర్తు. కారులోని యు.ఎస్.బి. రంధ్రమునకు తగిలించి చూచితిమి. మేము వాడిన చౌక ఛార్జింగు పలక సెల్లును నింపునే గాని, నింపుచు ఆటను సాగనిచ్చునది కాదు.

ఆ రాత్రి విజయవాడలో బంధువుల యింట దిగి, అచట సోల్డరింగు ఇనుము తెచ్చుకొని, సెల్లును ప్రక్కకు తప్పించి, కారు రంధ్రమునుండి నేరుగా అయిదు వోల్టులు వచ్చునట్లు తీగ మార్చితిమి. మరునాడు ఆట సాగెను. దానికి తోడు స్పీకరులో ఈలవంటి రొద మొదలయ్యెను; కారు వేగము పెరిగినకొలది రొద స్థాయియు పెరిగెను. ఇంజనుతో తిరుగు ఆల్టర్నేటరు కరెంటులోని ఒడుదొడుకులు స్పీకరు దాక వచ్చుటయే దానికి కారణము. అదియైనను సహింపవచ్చును. తుని దగ్గర టీ కొరకు ఆగి మరల ఇంజను తిప్పగానే రంధ్రములో కరెంటు ఒక క్షణము పోయెను. పెట్టె ఆరి వెలిగెను. ఆ క్షణమున మెమరీ కార్డుమీద వ్రాయబడుచున్నది చెడినది. చిన్నవాడు రెండువారములుగా సాధించుకొనిన ఆట మొదటికి వచ్చినది. వాడు ఏడువలేదు, కిటికీనుండి బయటికి చూచుచు కూర్చుండెను. అది మాకు మరింత కష్టమనిపించినది. పెద్దదానికి అంతకుముందే తెరవంక చూచి చూచి కడుపులో త్రిప్పి, పెట్టెతో పని తీరినది. కదలుచున్న కారులో కన్ను స్థిరమైన తెరను చూచుచుండ, చెవి లోపలి సమతూక యంత్రము కదలికను తెలుపుచుండుటవలన కలుగు వికారమది. తయారుచేయునప్పుడు అదియు మాకు తోచలేదు.

ఆట పోగొట్టుకొనుట చిన్నవానికి మాత్రమే జరిగినది కాదు. పాత క్యాసెట్టులలో ఆటగాడు సాధించినదానిని నిలుపుటకు బొత్తామంత సెల్లు నొకదానిని లోపలనే సోల్డరు చేసెడివారు. ఆ సెల్లులు పదునైదు, ఇరువది యేండ్లకు అడుగంటును. 1996లో జపానులో వెలువడిన పోకెమాన్ క్యాసెట్టులలో ఎందరో బాలురు దాచుకొనినవి ఇట్లు నిశ్శబ్దముగా చెరిగిపోయినవి. ఆటలకును ఇదే గతి పట్టుచున్నది. 2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను ప్రకటించిన పరిశీలనలో, అచట విడుదలయైన పాత ఆటలలో నూటికి ఎనుబదియేడు బజారులో దొరకుట లేదని తేలినది. దూరమునుండియు పరిశోధకులు ఆడిచూచుటకు గ్రంథాలయములకు వీలు కల్పింపుమని కోరగా, 2024 అక్టోబరులో అచటి కాపీరైటు అధికారులు నిరాకరించిరి. హక్కుదారుల వాదము మాకు అర్థము కానిది కాదు. ఊరు పేరు లేనివారు వేల ఆటలను మూటగట్టి అమ్ముకొనుటను మేము సమర్థింపము. మన చిన్ననాటి నకలు క్యాసెట్టుల వ్యాపారమే అది. కాని కొనుటకు దొరకని వస్తువును, దాచుటకును వీలు లేకుండ చేసిన, నష్టపోవునది ఎవరు? మన 1957 కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును న్యాయముగా కలిగినవాడు నష్టభయమునకు రక్షణగా నకలు తీసికొనుటకు ఒప్పుకొనుచున్నది. మేము మా చేతిలోనున్న క్యాసెట్టులనుండి ఆటలను తీసికొంటిమి. వానికి తోడు, గేమ్‌బాయ్ కొరకు నేటికిని సరదాకు క్రొత్త ఆటలు వ్రాసి ఉచితముగా ఇచ్చువారు కలరు, వారివి కొన్ని.

తిరుగు ప్రయాణమునకు ముందు విశాఖలో మరియొక సెల్లు కొని జతచేసితిమి. తెర వెలుగు సగము తగ్గించితిమి. కంప్యూటరు వేగమును తగ్గించితిమి. గేమ్‌బాయ్ వేషమునకు అంత వేగము అక్కరలేదు. రాజమహేంద్రవరము దాక వచ్చినను మెరుపు గుర్తు రాలేదు. పిల్లలు నిద్రపోయిరి. మా నాన్నగారు పెట్టెను ఒడిలోనికి తీసికొని, అటుయిటు త్రిప్పి, పాత ముల్లు ఉండవలసిన చోట వ్రేలితో తడవి, స్పీకరును చెవికి చేర్చుకొనిరి.

"ఏమిరా, ఇందులో వార్తలు రావా?" అని అడిగిరి.

రేడియో పలకను మేము పారవేయలేదు. అటుకమీద అట్టపెట్టెలో ఉన్నది. పెట్టెలో బ్యాటరీ ప్రక్కన రెండంగుళముల చోటును మిగిలియున్నది. ఏరియల్ తీగను తెరకు దూరముగా ఎట్లు త్రిప్పవలెనన్నదే ఇప్పుడు మేము చూచుచున్న సంగతి.